మీసాల డాక్టరు

తెల్లారి బైండింగమ్మ ముందు గది తలుపు తీసేసరికి దారం నీళ్ళ గిన్నె దగ్గర కూర్చుని ఉంది. తాగడం లేదు. గిన్నె అంచు మీద గడ్డం ఆనించి నీళ్ళలోకి చూస్తోంది. ఆమె గిన్నెను కాస్త ముందుకు జరిపింది. పిల్ల కూడా గిన్నెతో పాటు జరిగి, మళ్ళీ అలాగే గడ్డం ఆనించింది.

దారం పిల్లికూన. తెల్లగా సన్నగా ఉంటుందని ఆ పేరు. దాని తోడబుట్టినవి జిగురూ, కాలికో. జిగురు ఎవరి కాలికి అంటుకున్నా ఓ పట్టాన వదలదు. కాలికో ఒంటి మీద మూడు రంగుల మచ్చలు, పుస్తకం వీపుకి అతికించే కాలికో గుడ్డ లాగే. అట్ట రంగులో ఉన్న తల్లి పేరు అట్ట. ముందు గదే బైండింగ్ షాపు కాబట్టి పేర్లన్నీ ఆ గదిలోంచే వచ్చాయి. మైదా జిగురు వాసనకి ఎలకలు చేరి పుస్తకాల వీపులు కొరికేస్తుంటే, ఎక్కడినుంచో అట్ట వచ్చి ఆ బెడద తీర్చింది. తర్వాత కాగితం కత్తిరింపుల కుప్పలోనే ఈ మూడింటినీ కన్నది.

పేర్లు పెట్టింది ఆమె భర్త. ఆయన బస్సు కండక్టరు. పేర్లు పెట్టాలన్నా, నలుగురిని కూర్చోబెట్టి నవ్వించాలన్నా ఆ వీధిలో ఆయన తర్వాతే ఎవరైనా.

"ఏవండీ, దారం రాత్రి కూడా ఏమీ తినలేదు. తెల్లారి వాంతి చేసుకుంది. పచ్చగా, నురగ."

కండక్టరు భుజానికి సంచి తగిలించుకుంటున్నాడు. "ఎక్కడో ఎలక విందు జరిగి ఉంటుంది. విందుకెళ్ళి వచ్చినవాళ్ళు ఇంట్లో తింటారా?"

"మూలుగుతోంది. ఏదైనా పెద్ద జబ్బేమో."

"టీకాలు వేయించాం కదా, ఇంకా పెద్ద జబ్బేమిటి? పొట్ట చెడి ఉంటుంది." సంచిలో టికెట్ మిషను ఉందో లేదో తడిమి చూసుకున్నాడు.

"పోనీ ఒకసారి ఆసుపత్రికి తీసుకెళ్ళనా?"

"టీకాలేసిన ఆ డాక్టరు లేడోయ్ ఇప్పుడు. బదిలీ అయిపోయాడు. కొత్తగా వచ్చినవాడికి పిల్లికీ కుందేలుకీ తేడా తెలీదట. వాడి చేతిలో పెట్టేకంటే ఒక పూట పస్తుంచు, అదే సర్దుకుంటుంది."

ఆమె సరేననుకుంది. టీకాలు వేయించిన పిల్లలు. ఆ ధైర్యం ఉంది.

కాలేజీ లైబ్రరీ నుంచి వచ్చిన పాత పత్రికలు మూలన కట్టలుగా ఉన్నాయి. ఆమె పీట మీద కూర్చుని పాత కుట్లు విప్పింది. తుప్పు పట్టిన పిన్నులు తీసి డబ్బాలో వేసింది. మడత కాగితాల ఫారాలు సరిచేసి, మడతల మీద చెక్కబద్దతో నొక్కి, దబ్బనంతో చిల్లులు పొడుస్తూ పోయింది. మధ్య మధ్య దారం వైపు చూసింది. అది గిన్నె వదల్లేదు. అట్ట వచ్చి దాని చెవి నాకి, మళ్ళీ కుప్పలోకి వెళ్ళిపోయింది.

పొద్దెక్కాక ఇంటి ఓనరమ్మ మనవడి అట్లాసు పట్టుకొచ్చింది. వీపు చిరిగి పేజీలు వేలాడుతున్నాయి.

"ఏంటమ్మా, ఆ పిల్ల అలా వాడిపోయింది?"

"పొట్ట బాగాలేదు అక్కయ్యగారూ."

"పిల్లులకేదో పెద్ద జబ్బుంటుందని, సూదులు వేయించాలని అన్నావు కదా?"

"వేయించాం. ఆ డాక్టరు సంగతి మీకు చెప్పలేదూ?"

చెప్పింది, ఇంతకు ముందే. అయినా ఓనరమ్మ మళ్ళీ వినడానికి స్టూలు లాక్కుని కూర్చుంది. బైండింగమ్మ దబ్బనం పక్కన పెట్టింది. ఈ కథ చెప్పేటప్పుడు ఆమె గొంతు తెలియకుండానే భర్త గొంతులా అయిపోతుంది.

"ఈయన బుట్ట బల్ల మీద పెట్టగానే డాక్టరు మీసం దువ్వుకుంటూ వంగి చూశాట్ట. ఇంతలావు మీసం. జిగురు ఊరుకుంటుందా? రెండు చేతుల్తో పట్టుకుని వేలాడిందట. ఆయన తల పైకెత్తితే ఇదీ లేచిందట. 'కండక్టరుగారూ, మీ ప్యాసింజరు దిగనంటోంది' అన్నాట్ట. డబ్బు కూడా తీసుకోలేదు పాపం. రోజూ ఈయన బస్సులోనే వెళ్తాట్ట."

"రెండోసారి సంగతి చెప్పు."

"రెండోసారి వెళ్ళేసరికి నున్నగా గీయించేసుకుని కూర్చున్నాట్ట. 'ఇప్పుడు రమ్మనండి మీ పిల్లని' అని."

ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వు తగ్గాక బైండింగమ్మ కళ్ళు తుడుచుకుంటూ గిన్నె వైపు చూసింది. దారం పక్కకి ఒరిగిపోయి ఉంది. నీళ్ళు ఒలికి బొచ్చు తడిసింది. ఎత్తుకుంటే చెవులు చల్లగా తగిలాయి. పాత తువ్వాలు చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. మధ్యాహ్నం దాకా ఊపిరి చిన్న చిన్న ముక్కలుగా వచ్చి, ఆ తర్వాత రాలేదు.

సాయంత్రం కండక్టరు వచ్చి పెరటి గోడ పక్కన గొయ్యి తీశాడు. పంపు దగ్గర మోచేతుల దాకా సబ్బు రాసుకుని చాలాసేపు కడుక్కున్నాడు. చూస్తే ఆమెకే జాలేసింది. ఈయనకి ఇంత బాధ ఉందనుకోలేదు.

"ఈ జబ్బు మనింట్లో పుట్టింది కాదు" అన్నాడు తువ్వాలు అందుకుంటూ. "పైనుంచి దిగింది."

"పైనుంచంటే?"

"పిన్నిగారు. ఊళ్ళో ఉన్న వీధి పిల్లులన్నీ ఆవిడ డాబా మీదే కదా. వాటి మధ్య తిరిగి, అవే చెప్పులతో మన గుమ్మంలోంచి వెళ్తుంది. వద్దని చెప్పడానికి మొహమాటపడ్డాం."

పై వాటాలో ఉండే పిన్నిగారు ఒకప్పుడు టైపిస్టు. ఒంటరి మనిషి. బైండింగుకి వచ్చే పుస్తకాల్లో పేజీ పోతే, కాగితం తెచ్చుకుని ఆ పేజీ టైపు చేసి ఇచ్చేది. ఆ సాయంత్రం ఆవిడ గిన్నెలు కడుక్కుని డాబా మీదినుంచి దిగుతుంటే మెట్ల మలుపులో బైండింగమ్మ ఎదురు నిలబడింది. వెనక భర్త. చప్పుడుకి ఓనరమ్మ కూడా తలుపు తీసింది.

"పిన్నిగారూ, మీ దగ్గరికొచ్చే వాటిల్లో ఒంట్లో బాగాలేనిది ఏదైనా ఉందా?"

"బూడిద రంగుది నాలుగు రోజులై కనిపించడం లేదమ్మా. ఏం?"

"విన్నావా" అన్నాడు కండక్టరు.

"మా దారం చచ్చిపోయింది" అంది బైండింగమ్మ. "మీకు పుణ్యం కావాలంటే మీరు చేసుకోండి. మా గుమ్మంలో తెచ్చి పొయ్యడమెందుకు? మీ చెప్పులతోనే, మీ చేతులతోనే తెచ్చారు. ఎన్నిసార్లు మా పిల్లల్ని ఎత్తుకోలేదు మీరు?"

పిన్నిగారి ముఖం పాలిపోయింది. "అయ్యో, ఎప్పుడు?" అని మాత్రం అంది. తర్వాత చూపు బైండింగమ్మ భుజం మీదుగా వెనకనున్న మనిషి దగ్గరికి వెళ్ళి ఆగింది. "టీకాలు వేయించారు కదమ్మా వాటికి?" అంది మెల్లగా.

"వేయించాం కాబట్టే ఇన్నాళ్ళు బతికాయి" అన్నాడు కండక్టరు వెంటనే.

రేపటి నుంచి డాబా మీద గిన్నె కనిపించకూడదని ఓనరమ్మ గట్టిగా చెప్పేసింది. పిన్నిగారు చేతిలోని గిన్నెల్ని పెద్దదానిలో చిన్నది పెట్టి, గుండెకి ఆనించుకుని, గోడవార నుంచి పైకి వెళ్ళిపోయింది.

*

మర్నాడు జిగురు కూడా అలాగే గిన్నె దగ్గర చేరింది. కాలికో ఒక మూల ముడుచుకుంది. కండక్టరు అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయాడు. అడగడానికి ఎవరూ లేరు కాబట్టి ఆమె అడగలేదు. రెండింటినీ బుట్టలో పెట్టి, పైన గుడ్డ కట్టి బస్సెక్కింది. అది వేరే రూటు బస్సు. పక్క సీటులో కూర్చున్న ముసలాయన బుట్ట వైపు చూసి కాళ్ళు ముడుచుకున్నాడు.

పశువుల ఆసుపత్రిలో ఒకే ఒక గది, ముందు వరండా. వరండాలో ఒకాయన కుక్క గొలుసు చేతికి చుట్టుకుని కూర్చున్నాడు. గది లోపల పొట్టిగా, నెరిసిన జుట్టు ముడేసుకున్న డాక్టరమ్మ చేతులు కడుక్కుంటోంది. జిగురు చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి లాగి వదిలింది. చర్మం వెంటనే వెనక్కి పోలేదు. చిగుళ్ళు చూసింది. పొట్ట మీద చెయ్యి వేస్తే పిల్ల చిన్నగా అరిచింది.

"ఇంట్లో ఇంకేమైనా చచ్చిపోయాయా?"

"నిన్న ఒకటి."

"టీకాలు?"

"రెండుసార్లూ వేయించామండి. ఇక్కడే."

డాక్టరమ్మ తలెత్తింది. "ఇక్కడ ఎవరు వేశారు?"

"మీకు ముందున్న డాక్టరుగారు. మీసాలాయన. బదిలీ అయ్యారటగా."

"మీసాలాయనా?" డాక్టరమ్మ చిన్న గాజుగొట్టంలోకి జిగురు రక్తం తీస్తూనే మాట్లాడింది. "నా పెళ్ళి కాకముందు నుంచీ ఈ గదిలో నేనే ఉన్నానమ్మా. మీసాలున్నవాళ్ళెవరూ రాలేదు. ఇంకెక్కడికైనా వెళ్ళారేమో."

"ఈ చుట్టుపక్కల ఇంకో పశువుల డాక్టరున్నారా?"

"లేరు."

జిగురు మీసం పట్టుకుని వేలాడిందండీ, మీసం గీయించేసుకున్నారు కూడా. ఆ మాటలు ఆమె గొంతు దాకా వచ్చాయి. ఓనరమ్మకి చెప్పింది. కాలేజీ లైబ్రేరియన్‌కి చెప్పింది. కాగితాలమ్మే ఆయనకి చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఆ మీసం కొసలు కూడా కళ్ళకి కట్టినట్టు కనిపించేవి. ఇప్పుడు కూడా కనిపిస్తూనే ఉన్నాయి.

కాసేపటికి డాక్టరమ్మ రక్తం పరీక్ష చూసి వచ్చింది. "తెల్లకణాలు దాదాపు లేవు. ఇది పిల్లులకొచ్చే వైరస్ జబ్బు. పేగుల లోపలి పొర ఊడిపోతుంది. రోగంతో పోట్లాడాల్సిన కణాల్నే చంపేస్తుంది. దాహమేస్తుంది గానీ కడుపులో తిప్పుతుంది, అందుకే నీళ్ళ మీద తల పెట్టి తాగకుండా కూర్చుంటాయి. ఈ వైరస్‌ని చంపే మందు లేదు. నీళ్ళు ఎక్కించాలి, వెచ్చగా ఉంచాలి, వేరే రోగాలు మీద పడకుండా సూదులు వెయ్యాలి. నాలుగైదు రోజులు నిలబడితే బతుకుతాయి. చిన్నవి కదా, చెప్పలేను."

"మనుషులకి?"

"మనుషులకి రాదు. మనుషులు మోస్తారంతే. చెప్పుల మీద, బట్టల మీద. నేల మీద నెలల తరబడి ఉంటుంది. సబ్బుకి పోదు. బ్లీచింగ్ నీళ్ళతో కడగండి. ఫినైలు మాత్రం వద్దు, పిల్లులకి అదే విషం."

"మా పైవాటాలో ఒకావిడ వీధి పిల్లులకి తిండి పెడుతుందండి. ఆవిడ వల్లేనా?"

"ఎవరి వల్లో ఎవరు చెప్పగలరు? ఆవిడ చెప్పులతో రావచ్చు, మీ చెప్పులతో రావచ్చు. వీధుల్లో ఎప్పుడూ ఉండేదే. అందుకే కదా టీకా."

"టీకా వేయించి ఉంటే?"

"వేయించి ఉంటే దాదాపు రాదమ్మా. ఈ బుట్ట ఇవాళ ఇక్కడికి వచ్చేది కాదు."

మెడ వెనక చర్మం ఎత్తిపట్టి దాని కింద సూది ఎలా గుచ్చాలో, గోరువెచ్చటి సెలైను ఎలా ఎక్కించాలో డాక్టరమ్మ నేర్పింది. పుస్తకాలు కుట్టే చెయ్యి కాబట్టి మొదటిసారికే పట్టుబడింది.

*

ఇంటికొచ్చి కాగితాల కట్టలన్నీ బల్లల మీదికి ఎక్కించింది. కత్తిరింపుల కుప్ప కాల్చేసింది. గుమ్మం నుంచి వెనక తలుపు దాకా బ్లీచింగ్ నీళ్ళతో కడిగి, ఆ ఘాటు పోయేదాకా కిటికీలు తెరిచి ఉంచి, పిల్లల్ని వంటగది మూల వేడినీళ్ళ సీసా పక్కన పడుకోబెట్టింది.

కండక్టరు వచ్చాడు. తడి నేల చూసి గుమ్మంలోనే ఆగాడు. "ఏంటిది, ఇల్లంతా ఈత కొలనులా ఉంది? ఇవాళ బస్సులో ఏమైందో తెలుసా? ఒకావిడ కోడిని తీసుకొచ్చింది..."

ఆమె విన్నది. కోడి డ్రైవరు సీటు కిందికి దూరడం, డ్రైవరు ఉలిక్కిపడి హారను కొట్టడం, ముందున్న పోలీసు సెల్యూట్ చేయడం. అంతా అయ్యాక అడిగింది.

"మీసాల డాక్టరు ఏ ఊరికి బదిలీ అయ్యాడు?"

"సముద్రం పక్క ఊరేదో. అడిగి మరీ వేయించుకున్నాట్ట. అక్కడ పిల్లులు చేపలు తిని ఉక్కుముక్కల్లా ఉంటాయట, పని తక్కువని." నవ్వాడు. "వెళ్ళేముందు జిగురుని అడిగాను అని చెప్పమన్నాడు. నీకు చెప్పడం మర్చిపోయాను."

మాట ఎక్కడా తడబడలేదు. కళ్ళు ఆమె కళ్ళలోకే చూస్తున్నాయి. కోడి కథ చెప్పినప్పుడు ఆ ముఖం ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. ఆమె ఆ రెండింటి మధ్య తేడా కోసం వెతికింది. దొరకలేదు.

"నేనివాళ ఆసుపత్రికి వెళ్ళాను" అంది.

కండక్టరు సంచి దింపి గోడకి తగిలించాడు. అది జారి కింద పడింది. మళ్ళీ తగిలించాడు.

"అక్కడ డాక్టరు ఆడమనిషి. మొదటినుంచీ ఆవిడే."

కండక్టరు గోడకి ఆనుకుని తడి నేల మీదే కూర్చున్నాడు.

"వెళ్దామనే బయల్దేరాను" అన్నాడు. "బస్టాండులో డ్రైవర్లంతా టీ కొట్టు దగ్గరున్నారు. బుట్టలోంచి తల్లి ఒకటే అరుపు. 'ఏంటి గురూ, సంసారాన్ని బుట్టలో పెట్టుకుని పోతున్నావు' అన్నారు. కాసేపు కూర్చున్నాను. కబుర్లలో పడ్డాను. పొద్దు పోయింది. వెయ్యలేదని ఇంటికొచ్చి చెబితే నీ ముఖం చిన్నబోతుందని..."

"మరి రెండోసారి?"

"రెండోసారి వెళ్తే మొదటిసారి వెయ్యలేదని తెలిసిపోతుంది కదా."

"మళ్ళీ టీ కొట్టేనా?"

"ఊఁ. ఆ టీ కొట్టు దాటలేదు."

"నిన్న నేను ఆసుపత్రికి తీసుకెళ్తానంటే బదిలీ అయ్యాడన్నారు. దానికి ప్రాణం ఉంది అప్పటికి."

"దానికి వచ్చింది అదని నాకేం తెలుసు? నిజంగా పొట్టే అనుకున్నాను."

"పిన్నిగారి మీద ఎందుకు చెప్పారు?"

ఆయన గోరుతో నేల మీది తడిని గీస్తూ కూర్చున్నాడు. ఆమె లేచి సెలైను సీసాని వేడినీళ్ళలో పెట్టింది. పక్కనే నిలబడి ఈయన ఇన్నేళ్ళుగా తెచ్చిన కబుర్లన్నీ ఒక్కొక్కటే తలుచుకుంది. వరదలో బస్సు ఆగిపోతే ఊరంతా వచ్చి తోయడం. పెళ్ళికి ముందు ఆమెను చూడ్డానికి దిగాల్సిన స్టాపు మర్చిపోవడం. బిడ్డ నిలవనప్పుడు ఆసుపత్రి వరండాలో తెల్లవార్లూ నిలబడే ఉన్నాననడం. ఆ ఆఖరిది తలపుకి రాగానే ఆమె ఇక ముందుకి వెళ్ళలేదు. స్టవ్ తగ్గించి, సూది చేతిలోకి తీసుకుంది.

*

మర్నాడు మధ్యాహ్నం జిగురు పోయింది. పోయేముందు పాకుతూ వచ్చి ఆమె కాలికి ఒళ్ళు ఆనించింది. గొయ్యి ఆమే తీసింది.

కాలికోకి పూటకోసారి సెలైను ఎక్కిస్తూనే ఉంది. అది తల ఎత్తడం లేదు, అలాగని చల్లబడడమూ లేదు. సాయంత్రం స్నానం చేసి బట్టలు మార్చుకుని ఆమె పై వాటాకి వెళ్ళింది. గుమ్మం దాటలేదు.

"మీ గదిలోకి రానులెండి. మీ వాటికి నా నుంచి అంటుతుందేమో." అని, చేతులు కట్టుకుని నిలబడింది. "పిన్నిగారూ, నేనన్నది తప్పు. మా ఆయన టీకాలు వేయించలేదు. వేయించినట్టు చెప్పారు."

పిన్నిగారు కుర్చీ తెచ్చి గుమ్మం ఇవతల వేసి కూర్చుంది. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నేను చూశానమ్మా."

"ఏం చూశారు?"

"బస్టాండు టీ కొట్టులో. బెంచీ కింద బుట్ట. నేను పాలకి వెళ్ళాను. నన్ను చూసి లేచి, 'ఆసుపత్రి ఇంకా తెరవలేదు పిన్నిగారూ, వెళ్తున్నా' అన్నారు. రెండోసారి కూడా అక్కడే. ఆసారి ఏమీ అనలేదు. నేనూ అనలేదు."

బైండింగమ్మకి మెట్ల మీది సాయంత్రం గుర్తొచ్చింది. తన భుజం మీదుగా వెళ్ళి ఆగిన ఆ చూపు. ఈవిడ ఎప్పుడో ఒకప్పుడు నోరు విప్పుతుందని భయపడే, ముందుగా ఈవిడ మీదే పడ్డాడన్నమాట. తనని ముందు నిలబెట్టి.

"అన్నీ తెలిసి నా చేత అన్ని మాటలు పడ్డారా?"

"అప్పుడు చెబితే నమ్మేదానివా? అయినా భార్యాభర్తల మధ్య నేనెందుకులే అనుకున్నాను."

ఆమె క్షమాపణ చెప్పడానికే వచ్చింది. చెప్పింది కూడా. కానీ నోట్లోంచి ఇంకో మాట వచ్చేసింది. "మెట్ల మీద సంగతి వదిలెయ్యండి. ఆ రోజే, బెంచీ కింద బుట్ట చూసిన రోజే నాతో ఒక్క మాట అనుంటే మర్నాడు నేనే తీసుకెళ్ళేదాన్ని కదా పిన్నిగారూ. మీరు రోజూ ఎత్తుకుని ముద్దాడిన పిల్లలు."

పిన్నిగారు కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండిపోయింది. ఎంతసేపు తుడిచినా పెట్టుకోలేదు. "చెప్పాల్సింది" అంది చివరికి.

బైండింగమ్మ మెట్లు దిగింది. వచ్చేటప్పుడు ఒకరి మీదే ఉన్న కోపం, దిగేటప్పుడు ఇద్దరి మీదైంది. మూడో మనిషి తనే. ఆ కథని ఊరంతా పంచిపెట్టింది తనే.

భర్తని ఒకటే అడిగింది. "మెట్ల మీద నలుగురిలో అన్నాం. ఆ నలుగురి ముందే మీ నోటితో చెప్పండి."

"చెబుతాను" అన్నాడాయన. ఏడ్చాడు కూడా.

సెలవు రోజు పొద్దున్నే ఆయన అందర్నీ పిలిచాడు. ఓనరమ్మ, ఆవిడ భర్త, ఎదురింటి టైలరు, మెట్ల పైన పిన్నిగారు. బైండింగమ్మ తన గుమ్మంలో నిలబడింది, మోచేతుల దాకా బ్లీచింగ్ వాసన.

"పిన్నిగారూ, తప్పు నాది" అని మొదలుపెట్టాడు కండక్టరు. "మీ మీద అన్యాయంగా నింద వేశాను. టీకాలు వేయించలేదు. చేతకానివాణ్ణి." అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. కానీ టైలరు "అదేంటి కండక్టరుగారూ, మరి ఆ మీసాలాయనో?" అన్నాడు. కండక్టరు తల ఎత్తాడు.

"ఏ మీసాలు? అక్కడున్నది డాక్టరమ్మ." ఎవరో కిసుక్కుమన్నారు. "నా ఖర్మ చూడండి. బుట్ట పట్టుకుని బస్టాండుకెళ్తే మా డ్రైవరు అంటాడూ, 'సంసారానికి టికెట్ కొట్టావా?' అని. సరే, సిగ్గు చంపుకుని ఆసుపత్రి గేటు దాకా వెళ్ళాను. గేటులో ఒక కుక్క. దూడంత ఉంది. అది నన్ను చూసిన చూపు ఉందే, ఇన్స్పెక్టరు టికెట్ లేనివాణ్ణి చూసినట్టు..."

ఓనరమ్మ నోటికి అడ్డం చెయ్యి పెట్టుకుంది. టైలరు పైకే నవ్వేశాడు. కండక్టరు ముఖంలో నాలుగు రోజులుగా లేని వెలుగు వచ్చింది. చేతులు కదులుతున్నాయి. ఒక అడుగు ముందుకేసి కుక్క ఎలా నిలబడిందో చూపించాడు. అందరూ ఆయన్ని క్షమించేస్తున్నారని బైండింగమ్మకి తెలుస్తోంది. సాయంత్రానికి ఈ కథ వీధి చివరి దాకా వెళ్తుంది. మీసాల డాక్టరు కంటే ఇదే బాగుంటుంది.

"గేటు దాకా వెళ్ళలేదు" అందామె.

గట్టిగా అనలేదు. అయినా నవ్వు ఆగింది.

"అదే, గేటు కనిపించేంత దూరం..."

"టీ కొట్టు దాటలేదన్నారు నాతో. కుక్క ఎక్కడిది?"

కండక్టరు నవ్వబోయి, చుట్టూ చూశాడు. "ఏదో మాట వరసకి..."

"టీ కొట్టులోనే ఉన్నారు" అంది మెట్ల పైనుంచి పిన్నిగారు. "రెండుసార్లూ. నేను చూశాను. ముందే చెప్పాల్సింది."

కుక్కని చూపించడానికి కండక్టరు చాచిన చేతులు అలాగే కాసేపు ఉండి కిందికి దిగాయి. ఓనరమ్మ పిన్నిగారితో "గిన్నెలు పెట్టుకోండమ్మా, నేనేదో తొందరపడ్డాను" అని లోపలికి నడిచింది. టైలరు చెప్పులు వేసుకున్నాడు. బైండింగమ్మ వంటగదిలోకి వెళ్ళింది. కాలికో తల ఎత్తి, గరిట కొసన ఉన్న ఉడికించిన చేపముక్కని వాసన చూసి, ఒక్కసారి నాకింది.

*

కాలికో నిలబడింది. నడిస్తే వెనక కాళ్ళు కాస్త తూలేవి, అవీ సర్దుకున్నాయి. అట్టకి ఏమీ కాలేదు. లోపల జబ్బు వచ్చి పోయే ఉంటుందని, ఎందుకైనా మంచిది టీకా వేద్దామని డాక్టరమ్మ చెప్పింది. తర్వాతి వారం బైండింగమ్మ, పిన్నిగారు కలిసి డాబా మీది మూడు పిల్లుల్ని పట్టుకున్నారు. పట్టుకోవడానికి పొద్దున్నంతా పట్టింది. ఒకటి పిన్నిగారి చెయ్యి గీరింది. ఇద్దరూ అవసరమైన మాటలే మాట్లాడుకున్నారు. ఆ తలుపు పట్టు, ఇటు వస్తోంది చూడు, మెల్లగా. అట్టని కూడా తీసుకుని ఆసుపత్రికి బయల్దేరారు. బస్సులో అరుపులకి జనం తిరిగి చూస్తే ఇద్దరూ కిటికీలోంచి బయటికి చూశారు.

ఆమె తిరిగొచ్చేసరికి కండక్టరు ఇంట్లోనే ఉన్నాడు. గుమ్మం బయట చెప్పులు విప్పి బ్లీచింగ్ నీళ్ళతో తుడిచి పెట్టి ఉన్నాయి. నేల కడిగి ఉంది. ఈమధ్య అడగకుండానే ఆ పనులు చేస్తున్నాడు. ఆమె బుట్ట దింపి అట్టని వదిలింది. చేతులు కడుక్కుని పీట మీద కూర్చుంది. లైబ్రరీ కట్టలు ఇంకా సగం మిగిలే ఉన్నాయి.

"వేయించారా?" అన్నాడు.

"వేయించాం."

"అన్నిటికీనా?"

"అన్నిటికీ."

కండక్టరు స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. "డాక్టరమ్మ ఏమంది?"

"మళ్ళీ నెలకి రమ్మంది."

ఇంకా ఏదో ఉంటుందని ఆయన ఆమె ముఖం వైపు చూస్తూనే ఉన్నాడు. ఆమె దారం నోటితో తడిపి సూదిలోకి ఎక్కించింది. పై ఫారం తెరిచి, మడత మధ్యలో మొదటి చిల్లు వెతికి, సూది గుచ్చింది.

"అంతేనా?" అన్నాడాయన.

"అంతే."